దుక్మ్ దాకా ఒక్క గెలుపు కోసం

ఒమన్ వెళ్ళొచ్చానంటే మా భీమవరంలో అందరూ రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. బంగారం అక్కడ చవకటగా అని ఒకటి, ఆ ఎండకు ఎలా తట్టుకున్నావని ఇంకొకటి. బంగారం కొట్టు గుమ్మం నేను ఎక్కలేదు. వెళ్ళింది ఫిబ్రవరిలో కాబట్టి ఎండ కంటే గాలి ఎక్కువ తిన్నాను. ఆ దేశంలో నేను చూసిందల్లా ఒక కాలేజీ బస్సు కిటికీలోంచి చూసిందే. ఆ బస్సు ఒక ఆట కోసం బయల్దేరింది. కాబట్టి కోటల గురించీ మసీదుల గురించీ తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

సీబ్

మా చెల్లెలు పద్మ, మరిది సీబ్‌లో ఉంటారు. మస్కట్ విమానాశ్రయానికి దగ్గర్లో, తెల్ల గోడల విల్లాలు వరసగా ఉండే ఊరు. వెళ్ళిన మర్నాడు చేపల బజారుకు తీసుకెళ్ళమన్నాను. భీమవరం మనిషిని, నా తీర్థయాత్ర అక్కడే మొదలవుతుంది. వంజరం చేప కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. అక్కడ అమ్మేవాడు అమ్మడమే, కొయ్యడు. కోసేవాళ్ళు ఇంకో పక్క గట్టు మీద వరసగా కూర్చుని ఉంటారు, వాళ్ళ కూలి వేరు. మా ఊళ్ళో అయితే కత్తిపీట ముందు నిలబడి, తల ఇంత ఉంచు, తోక అంత తియ్యి అని పోట్లాడితేగానీ నాకు కొన్నట్టే ఉండదు. ఇక్కడ ఎవరితో పోట్లాడాలో తేల్చుకునేలోగా చేప ముక్కలై సంచీలోకి వచ్చేసింది.

పద్మ కూతురు లాస్య అక్కడి కాలేజీలో ఆఖరి ఏడాది చదువుతోంది. ఆ సాయంత్రం నన్ను వాళ్ళ కాలేజీ మైదానానికి తీసుకెళ్ళింది. నేను ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైనదాన్ని. ఎక్కడైనా మైదానం కనిపిస్తే గీతలు తిన్నగా గీశారా లేదా అని చూసే అలవాటు పోలేదు. అక్కడ గీతలు బాగానే ఉన్నాయి. ఆటే అర్థం కాలేదు.

అది అమెరికన్ ఫుట్‌బాల్‌ట. పేరుకే ఫుట్‌బాల్, కాలితో తన్నేదేమీ లేదు. పీచు తీసిన కొబ్బరికాయంత బంతి, రెండు చివరలా మొనదేలి ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని అవతలి జట్టు చివరి గీత దాటించాలి. అమెరికాలో హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కుమ్ముకుంటారు. వీళ్ళది ఆ కుమ్ముడు లేని రకం. జట్టుకు అయిదుగురు, ఆడామగా కలిసే ఆడతారు. ప్రతివాళ్ళ నడుముకూ రెండు పక్కలా రెండు రిబ్బన్లు వేలాడుతుంటాయి. బంతి పట్టుకున్నవాళ్ళ రిబ్బన్ ఎవరైనా లాగేస్తే అక్కడికి ఆగిపోవాలి. అలా ఆగిపోతూ కొన్ని ప్రయత్నాల్లో గీత దాటలేకపోతే బంతి అవతలివాళ్ళది. నాకు అర్థమైంది ఇంతే, చదివేవాళ్ళకూ ఇంతకు మించి అక్కర్లేదు.

ఆ జట్టును మొదటి ఏడాదిలో పట్టుబట్టి పెట్టించింది లాస్యే. ఇప్పుడు కెప్టెన్ కూడా తనే, బంతి విసిరేదీ తనే. ఆ సీజన్ మొత్తంలో వాళ్ళు ఒక్క ఆటా గెలవలేదు. ఒక్కటి మిగిలింది, అదీ దుక్మ్‌లో. ఎడారి దాటి వెళ్ళాలి.

"ఇదీ ఓడిపోతే వచ్చే ఏడాది బస్సు ఇవ్వమన్నారు పెద్దమ్మా. మా స్పోర్ట్స్ ఆఫీస్‌లో చెప్పేశారు. బస్సు లేకపోతే టీమ్ ఉండదు. మా మ్యాచ్‌లన్నీ వేరే ఊళ్ళల్లోనే కదా" అంది లాస్య.

"నువ్వెలాగూ ఈ ఏడాదితో వెళ్ళిపోతావు కదే" అన్నాను.

"నేను వెళ్ళిపోతే టీమ్ కూడా వెళ్ళిపోవాలా?" అని ఒంటికాలి మీద లేచింది. మా చెల్లెలి నోరే వచ్చింది దానికి.

జట్టుతో పెద్దావిడ ఒకరు తోడుండాలని కాలేజీ నియమం. వెళ్ళాల్సిన మేడంగారింట్లో పెళ్ళి పడింది. అలా నేను బస్సెక్కాను.

మబేలా

సీబ్ పక్కనే మబేలా. విల్లాలు అయిపోయి కొట్లూ, వర్క్‌షాపులూ, పనివాళ్ళ గదులూ మొదలవుతాయి. బస్సు డ్రైవరు గంగారాం ఉండేది అక్కడే, ఒక రూమ్‌లో మరో అయిదుగురితో. జగిత్యాల దగ్గర పల్లెటూరు వాళ్ళది. నలభై దాటిన మనిషి, గట్టి పిక్కలు, నోటికి తాళం లేదు. సీజన్ మొదలైనప్పట్నుంచీ ఈ జట్టును తిప్పుతున్నది ఆయనే. కంపెనీలో మిగతా డ్యూటీలన్నీ సైటుకు మనుషుల్ని చేరవేయడమేనట. ఈ పిల్లల డ్యూటీ కోసం తోటి డ్రైవర్లతో రెండు శుక్రవారాల సెలవు మార్చుకున్నానని చెప్పాడు.

గురువారం పొద్దున్నే ఒక మలయాళీ హోటల్ ముందు బస్సు ఆపి హారన్ కొట్టాడు. నేను ఉలిక్కిపడ్డాను. లోపల్నుంచి ఒకతను పరుగున వచ్చి కిటికీ దగ్గర నిలబడి ఎన్ని టీలని అడిగాడు. ఒమన్‌లో అదే పద్ధతి, బండి దిగరు. మా ఊళ్ళో టీకొట్టు ముందు అలా హారన్ కొడితే, దిగి రావడానికి కాళ్ళు నొప్పా అని ముందు నాలుగు తిట్లు వచ్చేవి, తర్వాత టీ వచ్చేది. కాగితం కప్పులో చిక్కటి యాలకుల టీ, వేడి పరోటా. టీ వంద బైసలే, అంటే వాళ్ళ రియాల్‌లో పదోవంతు. మన రూపాయల్లోకి మార్చి చూసుకుంటే తాగబుద్ధి కాదు, కాబట్టి మార్చడం మానేశాను.

"మనది ఏ ఊరు టీచరమ్మా?" అన్నాడు గంగారాం, పరోటా నములుతూ.

"భీమవరం."

"రొయ్యల దిక్కు. అయితే మీరు ఏం సదువు చెప్పేటోళ్ళు?"

"చదువు కాదు, ఆటలు. ఆడపిల్లలకు కబడ్డీ నేర్పేదాన్ని."

ఆయన నమలడం ఆపేశాడు. వెనక్కి తిరిగి నన్ను మళ్ళీ చూశాడు. ఆ తర్వాత దారంతా నాకు డ్రైవరు వెనక సీటే ఖాయమైంది.

కుర్రతనంలో వాళ్ళ మండలం జట్టులో కూతకు వెళ్ళేవాడట. ఎవరెవరి కాళ్ళ సందుల్లోంచి ఎలా బయటపడ్డాడో స్టీరింగ్ మీదే చూపించాడు. రోడ్డు చూడు నాయనా అని నేను రెండుసార్లు అనాల్సి వచ్చింది.

"ఈ పోరగాండ్లు మంచిగనే ఉరుకుతరమ్మా. గని గీత దాటంగనె ఆడ్నే ఆగి ఎగురుతరు, దుంకుతరు. మర్లి రారు. గిదేం ఆట? పోయినోడు మర్లి రావాలె గద" అన్నాడు.

"నాకూ అదే అనిపించింది గంగారాం" అన్నాను. నవ్వుకున్నాం ఇద్దరం. వెనకనుంచి లాస్య, "గంగన్నా, సీజన్ మొత్తం చూశావు, ఇంకా అదే మాటా?" అంది.

సినావ్

గురువారం సినావ్‌లో సంత. మా గోదావరి జిల్లాల సంతలో పశువులు ఒకచోట నిలబడి ఉంటాయి, కొనేవాళ్ళు వాటి చుట్టూ తిరుగుతారు. ఇక్కడ తిరగబడింది వ్యవహారం. కొనేవాళ్ళు గుండ్రంగా కూర్చుంటే, అమ్మేవాళ్ళు మేకల్ని పట్టుకుని వాళ్ళ మధ్య చుట్లు తిరుగుతారు. నచ్చినవాడు చెయ్యెత్తి ఆపి, మేక పళ్ళు చూసి, పొట్ట తడిమి, పెదవి విరిచి పంపేస్తాడు. ఆ పెదవి విరవడం మాత్రం అచ్చం మనదే. ముఖానికి బిరుసైన ముసుగు కట్టుకున్న ముసలామె ఒకావిడ మేకను లాక్కుంటూ నా ముందు ఆగి, కొంటావా అన్నట్టు చూసింది. బస్సులో చోటు లేదని చేతులతో చెప్పాను. ఆవిడకు అర్థమై పకపకా నవ్వింది.

జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తే మాజిద్ మేనమామ ఇల్లు ఆ ఊళ్ళోనే. ఊళ్ళోకి వచ్చి తినకుండా పోతే మాట దక్కదని ఆయన బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు. మగవాళ్ళంతా ఒక గదిలో, మేమంతా లోపల ఆడవాళ్ళతో. ముందు ఖర్జూరాలూ, చేదు కాఫీ. తర్వాత నేల మీద పరిచిన గుడ్డ మీదకు ఒక పెద్ద పళ్ళెం వచ్చింది, అందరికీ ఒక్కటే. దాని నిండా అన్నం, మీద ఎముకలతో సహా మాంసం.

నాకు గురువారం నీసు లేదు. అది ఆ ఇంటి ఇల్లాలికి లాస్య తనకొచ్చిన అరబీలో చెప్పింది. ఆవిడ నన్ను గౌరవంగా చూసి, ఉపవాసమా అని అడిగింది. కాదు, మాంసం మాత్రమే మానేస్తాను, చేప కూడా అని చెబితే, ఇదెక్కడి సగం ఉపవాసమన్నట్టు ముఖం పెట్టింది. నాకూ చిన్నప్పట్నుంచీ ఉన్న అనుమానం అదే. నాకు పెరుగూ రొట్టే పెట్టారు. నేను మానేసిన వంతు మగవాళ్ళ గదిలోకి పంపితే, అది కూడా జట్టులో ఒక కుర్రాడు తినేశాడట. ఆ పైన నెయ్యి కారే హల్వా రెండు గిన్నెలు నాకాడట. అది ఎక్కడికి దారితీసిందో ముందుకు చదివితే తెలుస్తుంది.

సినావ్ దాటాక ఊళ్ళు అయిపోయాయి. మధ్యలో మహూత్ అనే ఊరు వచ్చేదాకా చూడటానికి ఒంటెలు తప్ప ఏమీ లేదు. అవి కూడా మాకు పని లేదు, మీకూ లేదన్నట్టు రోడ్డుకు అడ్డంగా నడుస్తాయి. గంగారాం హారన్ కొట్టకుండా ఆగేవాడు. "గివి ఒకరి సొత్తమ్మా. తగిలితే మన పనైపోతది" అన్నాడు. ఎడారి అంటే ఇసుక దిబ్బలనుకున్నాను. చాలామటుకు గులకరాళ్ళ నేల, చదునుగా, ఎవరో చాపలా చుట్టి పెట్టుకోవడం మర్చిపోయినట్టు ఉంది.

ఆ నేల మీదే గంగారాం తన ఇంటి సంగతి చెప్పాడు. ఏడాదిన్నర అయిందట ఇల్లు చూసి. ఈ మధ్య సెలవు దొరికితే తీసుకోలేదట.

"ఎందుకు?" అన్నాను.

"ఒక్కటన్న గెలుస్తరు, సూసి పోదమనుకున్న. గెల్వకపాయిరి" అని అద్దంలో లాస్య వైపు చూశాడు. లాస్య కిటికీలోంచి బయటకు చూస్తోంది. విన్నదని నాకు తెలుసు.

దుక్మ్

దుక్మ్‌లో ముందు కనిపించింది సముద్రం కాదు, క్రేన్లు. రేవూ, చమురు ట్యాంకులూ, వెడల్పాటి రోడ్లూ. రోడ్ల మీద మనుషులు కనపడరు, పనివాళ్ళ బస్సులు కనిపిస్తాయి. ఊరు ఇంకా వచ్చి చేరలేదు, దాని రోడ్లు మాత్రం ముందే వచ్చి కూర్చున్నాయి. గాలి సంగతి వేరే చెప్పాలి. బస్సు తలుపు తీయగానే నా చీర కొంగు లేచి గంగారాం ముఖానికి చుట్టుకుంది. ఆ గాలి ఆ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా ఆగలేదు.

మేం ఆడబోయేది అక్కడి శిక్షణ కళాశాల జట్టుతో. వాళ్ళ హాస్టల్లోనే మాకు బస ఇచ్చారు. శుక్రవారం పొద్దున వాళ్ళ ఆటల మాస్టారు సాలిం పిల్లలందర్నీ రాళ్ళ తోటకు తీసుకెళ్ళాడు. తోటంటే చెట్లు కాదు. సముద్రపు గాలి కోసిపెట్టిన వింత రాళ్ళు, ఎక్కడపడితే అక్కడ. మన పిల్లలు ఊరుకుంటారా, ఫోటో కోసం ఒక్కో రాయీ ఎక్కారు. ఒకమ్మాయి దూకి మడమ మెలిపెట్టుకుంది. నేను చూసి కట్టు కట్టాను. నిలబడగలదు, పరిగెత్తలేదు.

హాస్టల్‌కు తిరిగొస్తే హల్వా కుర్రాడు బాత్రూమ్‌లో ఉన్నాడు. తలుపు తడితే నీరసంగా, "కాసేపట్లో వస్తాను" అని హిందీలో అన్నాడు. రాత్రి నుంచీ అదే మాటట. మజ్జిగ తాగించి పడుకోబెట్టాను.

వచ్చిందే ఆరుగురు. మిగిలింది నలుగురు. అయిదుగురు లేకపోతే ఆడకుండానే ఓడినట్టు. లాస్య మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. చాటుగా కాదు, నా ముందే, చిన్నపిల్లలా. "ఆడి ఓడిపోతే పర్లేదు పెద్దమ్మా. ఇలా కాదు" అంది. నాకు చాలా జాలేసింది. ఇంతదూరం వచ్చి హల్వాకు ఓడిపోవడమేమిటి?

సాలిం మాస్టారు మంచివాడు. తలగోక్కుని, రెండు జట్లూ ఒప్పుకుంటే మీతో వచ్చిన ఎవరినైనా దించుకోవచ్చన్నాడు. అవతలి కెప్టెన్ వెంటనే ఒప్పుకున్నాడు. మాతో వచ్చిన ఇతరులెవరని అందరూ నావైపు చూశారు. నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు.

"గంగారాం ఉన్నాడుగా. కూతకు వెళ్ళిన కాళ్ళు" అన్నాను.

గంగారాం మొదట నీళ్ళు నమిలాడు. "నాకేడిదమ్మా ఆ ఆట. కంపెనీకి తెలిస్తె?" అన్నాడు. అంటూనే ప్యాంటు కింద అంచులు మడవడం మొదలుపెట్టాడు.

మైదానం

ఆటకు జనం వస్తారని ఎవరూ అనుకోలేదు. శుక్రవారం సెలవు కదా, దుక్మ్‌లో చూడటానికి ఇంకేముంది? క్యాంపుల నుంచి పనివాళ్ళు నడిచొచ్చి గీత పొడుగునా కూర్చున్నారు. పాకిస్తానీలు, బంగ్లాదేశ్ వాళ్ళు, మనవాళ్ళు. ఏ ఆటో తెలియదు, అయినా కూర్చున్నారు. జట్టులో ఒకాయన బస్సు డ్రైవరట, జగిత్యాలట అన్న మాట ఎలా పాకిందో గానీ, మనవాళ్ళంతా వచ్చి మా వైపు చేరిపోయారు.

మొదట్లో గంగారాంను ఓ మూలన నిలబెట్టారు. ఎదుటివాడి రిబ్బన్ లాగడం వరకూ ఆయనకు నేర్పాల్సిన పనే లేదు. నడుము వంచి, చేతులు చాచి, వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఖాళీ చేతులతో పంపేశాడు. ఇబ్బందంతా గాలితోనే. లాస్య విసిరిన బంతి సగం దూరం వెళ్ళి, గుర్తొచ్చినట్టు పక్కకు తిరిగేది. అవతలివాళ్ళకు ఆ గాలి అలవాటు. అయినా మాజిద్ రెండుసార్లు గీత దాటించాడు. ఆఖరి నిమిషాలకు మేం ఒకే ఒక్క పాయింటు వెనక ఉన్నాం. నడిమి గీత దగ్గర బంతి మా చేతిలో ఉంది, మిగిలింది ఒకే ఒక్క ప్రయత్నం. ఈసారి గీత దాటితే గెలుపు, జట్టుకు బస్సు. లేకపోతే లేదు.

లాస్య అందర్నీ దగ్గరకు పిలిచింది. విసిరితే గాలి తీసుకుపోతుందని వాళ్ళకూ అర్థమైంది. చివరకు గంగారాం భుజం తట్టి ఏదో చెప్పింది. ఆయన తలూపాడు.

బంతి లాస్య చేతికొచ్చింది. విసిరేటట్టు చెయ్యెత్తి, దాన్ని గంగారాం పొట్టకు అదిమింది. ఆయన కదిలాడు.

నేను చాలామంది పిల్లల్ని కూతకు పంపాను. ఆ నడక చూడగానే గుర్తుపట్టాను. పరుగు కాదది. అటు ఒంగి ఇటు జారి, ఇద్దర్ని ఒకేవైపు ఒరగబెట్టి మధ్యలోంచి బయటికొచ్చాడు. మైదానం అంచున మనవాళ్ళు లేచి నిలబడ్డారు. "ఉరుకు గంగన్నా" అని ఒకడంటే, ఇంకొకడు "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అని కూత అందుకున్నాడు. ఒకటి పది, పది వంద. పాకిస్తానీలు కూడా కలిశారు, వాళ్ళకూ ఆ కూత తెలుసు.

చివరి గీత ముందు ఒక్కడే మిగిలాడు. వాడు రిబ్బన్ మీదకు దూకాడు, అది వాడికి చిక్కలేదు. గంగారాం బంతిని ఎడమచేత్తో నడుము వెనక్కి దాచి, ఒంటికాలి మీద ఒంగి, కుడికాలు ముందుకు చాపి బొటనవేలితో గీత అవతల నేల ముట్టుకున్నాడు. కబడ్డీలో బోనస్ గీత అలాగే తొక్కుతారు. అంత చక్కగా తొక్కినవాళ్ళను నేను చూడలేదు. ముట్టుకుని, గిర్రున తిరిగి, వచ్చిన దారినే వెనక్కి పరుగందుకున్నాడు.

అవతలి ఆటగాళ్ళు గీత దాటేశాడనుకుని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయారు. ఒక్కడూ ఆపలేదు. లాస్య మాత్రం రెండు చేతులూ ఊపుతూ, "అటు కాదన్నా, అటు" అని అరుస్తోంది. ఆ కూతల హోరులో ఆయనకేం వినపడుతుంది. నడిమి గీత దాకా వచ్చి, దాన్ని కాలితో ముట్టి, బంతితో సహా చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. ముఖంలో అంత వెలుగు.

సాలిం మాస్టారు విజిల్ నోట్లో పెట్టుకునే ఉన్నాడు, ఊదలేదు. దాటాల్సింది బంతి, కాలు కాదు. బంతి ఆయన నడుము వెనకే ఉండిపోయింది. ఆ సంగతి ముందుగా తట్టిన అవతలి కుర్రాడొకడు మెల్లగా నడుచుకుంటూ వచ్చి గంగారాం రిబ్బన్ లాగాడు. అప్పుడు విజిల్ మోగింది.

మనవాళ్ళు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. గెలిచామనే వెళ్ళిపోయారు చాలామంది.

మళ్ళీ మహూత్

శనివారం తిరుగుదారిలో బస్సు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఏసీ చప్పుడు వినిపించింది. లాస్య ముందురోజు మైదానంలో ఆయనతో ఒకే ఒక్క మాటంది. "సీజన్ మొత్తం చూశావు కదన్నా" అని. ఆ తర్వాత మాట్లాడలేదు. గంగారాం నోటికి తాళం పడటం నేను అప్పుడే చూశాను. ఒంటెలు అడ్డమొస్తే ఆగాడు, వెళ్ళాక కదిలాడు. నా వైపు కూడా తిరగలేదు.

మహూత్‌లో టీ కోసం ఆపాడు. హారన్ కొట్టలేదు. దిగి వెళ్ళి తనే తెచ్చి, అందరికీ ఇచ్చి, బస్సు మెట్టు మీద కూర్చున్నాడు. నేను పక్కన నిలబడ్డాను.

"నాకు ఆట తెల్వక కాదు టీచరమ్మా. బంతి దాటాలని నాకు ఎర్కే. సీజనంత సూసిన" అన్నాడు నేలను చూస్తూ. "ఆడికి పోయేదాంక మంచిగనే యాదికున్నది. మనోళ్ళు కూత పెట్టంగనె కాళ్ళు ఇనలేదు. ముట్టినంక మర్లి రాకుంటె ఎట్ల? అవుతల దిక్కు ఎంత ముట్టినా ఏం ఫాయిద? ఇవుతల గీత మీద కాలు పడ్డప్పుడే అది లెక్కకస్తది. చిన్నప్పటి సంది నాకు గదే ఆట."

ఆయన చెప్పింది కబడ్డీ గురించే. కానీ ఆ పల్లెటూరూ, ఏడాదిన్నరగా చూడని ఇల్లూ నాకు గుర్తొచ్చాయి. టీ తాగేశాను.

వెనక సీట్లో లాస్య కప్పు పట్టుకుని కూర్చునుంది. విన్నది. కాసేపటికి లేచి వచ్చి, నన్ను వెనక్కి వెళ్ళమని, డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది.

"నీ కాలు గీత దాటిందన్నా. నేను చూశాను" అంది.

"కాలు దాటితె ఏమస్తది బిడ్డా."

"ఏమీ రాదు. చూశానని చెప్తున్నా" అంది.

సినావ్ దాటాక, ఆ ఒంటికాలి మీద ఒంగడం ఎలా అని లాస్య అడిగింది. ఆయన స్టీరింగ్ మీద చూపించబోయాడు. రోడ్డు చూడు నాయనా అన్నాను వెనకనుంచి.

భీమవరం

కాలేజీవాళ్ళు జట్టుకు బస్సు ఇవ్వడం ఆపేశారు, చెప్పిన మాట ప్రకారమే. లాస్య వాళ్ళ ఆఫీసు ముందు కూర్చుని వాదించింది, లాభం లేకపోయింది. గంగారాం తనకు రావలసిన సెలవు పెట్టాడట, వంతు వచ్చేసరికి నెలలు పట్టింది. నేను ఇంటికొచ్చి వంజరం పులుసు పెట్టుకుని, ఒమన్ గురించి బంధువులు అడిగిన ప్రశ్నలకు విసుక్కుంటూ జవాబులు చెప్పాను. ఆ జట్టు కథ అంతటితో ముగిసిందనే అనుకున్నాను.

ముగియలేదు. లాస్య చదువైపోయి అక్కడే ఉద్యోగంలో చేరింది. సాయంత్రాలు వెళ్ళి కొత్త పిల్లలకు ఆట నేర్పుతోంది. బస్సు లేకపోతే మాజిద్ మేనమామ పికప్‌లో కొందరు, తల్లిదండ్రుల కార్లలో కొందరు. పద్మ కూడా తిడుతూనే రెండుసార్లు తిప్పిందట. మొన్న లాస్య నాకొక వీడియో పంపింది. ఎక్కడో మైదానం, గాలి లేదు. నేనెరగని ఒక ఒమానీ పిల్ల బంతి చంకలో పెట్టుకుని చివరి గీత దాటేసింది. విజిల్ పడింది. మొదటి గెలుపు.

ఆ పిల్ల అక్కడ ఎగరలేదు. గిర్రున తిరిగి వెనక్కి పరుగెత్తింది. మిగతా నలుగురూ ఆమె వెంట పడ్డారు. అయిదుగురూ నడిమి గీత దాకా వచ్చి కాలితో ముట్టి, అప్పుడు చేతులెత్తారు. నేను వెంటనే లాస్యకు ఫోన్ చేశాను. ఇదేమిటే అన్నాను.

"ప్రాక్టీసులో నేనే పెట్టాను పెద్దమ్మా, ముందు పనిష్మెంట్‌గా. తర్వాత వాళ్ళే అలవాటు చేసుకున్నారు. దాని పేరు గంగన్న. ఎందుకని అడిగితే వాళ్ళకు తెలీదు, మా టీమ్‌లో అంతే అంటారు" అంది.

ఆ వీడియో గంగారాంకు పంపాను. ఆయన అప్పటికి సెలవు మీద ఊరొచ్చి వారమైంది. కాసేపటికి ఫోన్ మోగింది. వెనకాల కోళ్ళ చప్పుడూ, ఎవరో అన్నానికి పిలవడమూ వినిపిస్తోంది. గెలిచారా అని ఆయన అడగలేదు.

"టీచరమ్మా, ఫోన్ల సరిగ కనవడ్తలేదు. అయిదుగురు మర్లి అచ్చి గీత ముట్టిన్రా?"

"ముట్టారు గంగారాం. నేను చూశాను."

"అయితె పాయింటే" అన్నాడు.